యంత్రం దిద్దిన గొంతు

సంగీతానికి శ్రుతిని తల్లిగానూ, లయను తండ్రిగానూ చెప్పడం భారతీయుల సంప్రదాయం. తల్లి ఒడి విడిచి ఎంత దూరం ఆడుకోబోయినా బిడ్డ తిరిగి ఆ ఒడికే చేరినట్లు, గాయకుని స్వరం ఎన్ని మెలికలు తిరిగినా చివరకు ఆధారషడ్జాన్నే చేరుకోవాలి. అలా చేరుకోవడం గాయకుని బాధ్యత. తప్పిపోతే ఆ తప్పు కూడా అతనిదే. తరతరాలుగా ఈ విషయంలో సందేహానికి తావు లేకపోయింది. అయితే ఇరవయ్యవ శతాబ్దం ముగియబోతున్న దశలో ఈ బాధ్యతను పంచుకోవడానికి ఒక యంత్రం ముందుకు వచ్చింది. గాయకుడు శ్రుతి తప్పినచోట అది సర్దుతుంది. అతడు అందుకోలేని స్వరాన్ని అందుకున్నట్లు వినిపిస్తుంది. దీనినే లోకం ఆటోట్యూన్ అని పిలుస్తున్నది. నిజానికి అది ఒక సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పేరు. వనస్పతి నెయ్యిని డాల్డా అన్నట్లుగా, ఆ రకపు పరికరాలన్నింటికీ ఇప్పుడు ఆ పేరే స్థిరపడింది.

ఆషాఢమాసంలో సికింద్రాబాదు వీధులలో నడిచేవారికి ఈ యంత్రం పేరు తెలియకపోవచ్చు కాని దాని గొంతు మాత్రం బాగా తెలుసు. సైనికుల విడిదిగా పెరిగినందున ఈ ఊరికి లష్కర్ అనే పేరు కూడా ఉన్నది. ఇక్కడి ఉజ్జయిని మహంకాళి ఆలయ చరిత్ర సైతం సైన్యంతోనే ముడిపడినది. సైనిక దళంలో డోలీ మోసే పనిచేసిన సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉన్నప్పుడు, కలరా వ్యాధి శాంతిస్తే అమ్మవారిని తన ఊరిలో ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగివచ్చి కొయ్య విగ్రహాన్ని నెలకొల్పాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. 1964లో ఆ స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగ అయినవి. ఆ పండుగనాడు తలపై బోనమెత్తుకున్న స్త్రీల వరుస ఒకవైపు, పోతరాజు కొరడా చప్పుడు మరొకవైపు, డప్పుల తీన్‌మార్ దెబ్బ వేరొకవైపు ఉండగా, వీటన్నింటినీ మించి పందిళ్ల ముందర, డీజే బండ్ల మీద అమర్చిన పెట్టెలలో నుండి అమ్మవారి పాటలు వినవస్తాయి. ఇటీవలి సంవత్సరాలలో ఆ పాటలలో చాలావాటిలో గొంతు ఒక విచిత్రమైన మెరుపుతో ఉంటుంది. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారదు, మెట్టు మీది నుండి మెట్టు మీదికి గెంతుతుంది. ఎక్కడా బొంగురు లేదు, వణుకు లేదు, ఊపిరి అందని క్షణం లేదు. పది పాటలు విన్నా ఒక్కరే పాడినట్లుంటుంది. పాడినవారు మాత్రం పదిమంది.

ఈ యంత్రం పుట్టుక సంగీతశాలలో జరగలేదు. అమెరికాలో ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు చమురు అన్వేషణ రంగంలో పనిచేసేవాడు. భూమిలోకి ధ్వనితరంగాలను పంపి, అవి తిరిగివచ్చే తీరును గణితంతో విశ్లేషించి, ఏ పొర క్రింద చమురు ఉన్నదో ఊహించడం ఆ రంగంలోని పద్ధతి. ఆయన వేణువాదకుడు కూడా కావడం వల్ల ఆ గణితాన్నే మానవ కంఠానికి అన్వయించాడు. ఒక విందులో ఒకామె తన చేత శ్రుతి తప్పకుండా పాడించే పెట్టె తయారుచేయరాదా అని వేళాకోళంగా అడిగిందనీ, ఆ మాటే బీజమైందనీ చెప్పుకొంటారు. 1997లో ఆయన సంస్థ ఆంటారెస్ ద్వారా ఆటోట్యూన్ విడుదలైంది. దాని పనితీరును చెప్పడం కష్టం కాదు. గొంతులోని కంపనాల వేగాన్ని అది క్షణక్షణం కొలుస్తుంది. ఆ వేగం ముందుగా నిర్ణయించిన స్వరస్థానాలలో దేనికి దగ్గరగా ఉన్నదో చూస్తుంది. తేడా ఉంటే ఆ మేరకు పైకో క్రిందికో జరుపుతుంది. ఎంత త్వరగా జరపాలన్నది వాడేవారి ఇష్టం. నెమ్మదిగా జరిపితే సవరించిన సంగతే తెలియదు. ఏమాత్రం వ్యవధి ఇవ్వకుండా జరిపితే గొంతు మరబొమ్మ గొంతులా మారిపోతుంది.

ఈ రెండవ పద్ధతిని లోకానికి పరిచయం చేసినది 1998లో షేర్ అనే అమెరికన్ గాయని పాడిన బిలీవ్ అన్న పాట. ఆ పాట నిర్మాతలు ఆ ధ్వనిని వోకోడర్ వంటి మరో పరికరంతో సాధించినట్లు మొదట చెప్పి అసలు రహస్యాన్ని దాచారు. కొత్త వంటకం రుచిగా కుదిరితే మసాలా పేరు చెప్పని వంటవాని తీరు అది. 2005 తరువాత టి-పెయిన్ అనే గాయకుడు దానినే తన ముద్రగా చేసుకున్నాడు. 2009లో జే-జీ అనే మరొక ప్రసిద్ధుడు ఆటోట్యూన్ చావును ప్రకటిస్తూ ఏకంగా పాటే విడుదల చేశాడు. యంత్రం మాత్రం చావలేదు. 2014లో టి-పెయిన్ అమెరికా ప్రజా రేడియో వారి చిన్న వేదికపై ఏ సవరణా లేకుండా పాడినప్పుడు, ఇతనికి ఇంత మంచి గొంతు ఉన్నదా అని శ్రోతలు ఆశ్చర్యపోయారు. అప్పటివరకు అతడు పాడలేక యంత్రాన్ని ఆశ్రయించాడని వారు తలచారు. కొమ్ముబూరను ఊదేవానిని మాట్లాడటం రాక ఊదుతున్నాడని ఎవరూ అనరు. టి-పెయిన్ విషయంలో జరిగినది అటువంటి పొరపాటే. దాచకుండా, అలంకారంగా వాడినప్పుడు ఆటోట్యూన్ కూడా ఒక వాద్యమే. దానితో ఎవరికీ పేచీ ఉండనక్కరలేదు. నచ్చినవారు వింటారు, నచ్చనివారు వినరు.

పేచీ అంతా దాచి వాడేచోట ఉన్నది.

ఇక్కడ కూడా తొందరపడి తీర్పు చెప్పడం న్యాయం కాదు. కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ సంగీతం చచ్చిపోయిందని పెద్దలు అంటూనే ఉన్నారు. తెలుగు నాటకరంగంలో మైకు లేని రోజులలో పద్యాన్ని చివరి వరుసలోని ప్రేక్షకుని చెవిదాకా చేర్చగల కంఠమే కంఠం. మైకు వచ్చిన తరువాత మెల్లగా, మాట్లాడినంత సున్నితంగా పాడే పద్ధతి సాధ్యమైనది. పాత నటులకు అది బలహీనతగా తోచి ఉండవచ్చు. కాని ఆ సున్నితత్వం లేకపోతే సినిమా పాటలోని జోల, గుసగుస, విరహం ఏవీ లేవు. హార్మోనియం కథ మరింత ఆసక్తికరమైనది. మెట్ల మధ్యనున్న సూక్ష్మస్వరాలను అది పలికించలేదనీ, భారతీయ సంగీతపు చెవిని పాడుచేస్తుందనీ ఆకాశవాణి 1940లో ఆ వాద్యాన్ని ప్రసారాల నుండి నిషేధించింది. మూడు దశాబ్దాలు గడిచిన తరువాతనే ఆ నిషేధం సడలింది. ఇంతలో హార్మోనియం లేని భజన లేదు, హరికథ లేదు, నాటకం లేదు. నిషేధించినవారి శాస్త్రం తప్పు కాదు. కాని ప్రజలు ఆ శాస్త్రం కోసం ఆగలేదు.

రికార్డింగు పద్ధతులను చూసినా, ఒకప్పటి పాట అంతా నిజాయితీ, ఇప్పటిది అంతా మోసం అనడానికి వీలులేదు. మద్రాసు స్టూడియోలలో ఘంటసాల, సుశీల పాడిన రోజులలో గాయకులు, వాద్యబృందం ఒకేసారి కూర్చొని పాటను మొదటి నుండి చివరిదాకా పాడేవారు. ఒక్క వయొలిన్ తప్పు పలికినా మళ్లీ మొదటికి రావలసిందే. అందువలన పాట రికార్డింగు అంటే అదొక సామూహిక పరీక్ష. తరువాతి కాలంలో అనేక ట్రాకుల యంత్రాలు వచ్చాయి. వాద్యాలు ఒకరోజు, గాయకుడు మరొకరోజు, గాయని వేరొక ఊరిలో. పల్లవి కుదరకపోతే ఆ పంక్తి ఒక్కటే తిరిగి పాడించి అతికేవారు. దీనిని పంచింగ్ అంటారు. అంటే శ్రోత వినే నిర్దుష్టమైన పాట ఆటోట్యూన్ రాకముందే ముక్కలు కలిపి కుట్టిన వస్త్రంగా మారిపోయినది. యంత్రాన్ని సమర్థించేవారు ఈ విషయం గుర్తు చేస్తారు, వారి మాటలో నిజమున్నది. అయితే ఒక్క తేడాను వారు పట్టించుకోరు. పంచింగ్‌లో ఆ పంక్తిని గాయకుడు పదిసార్లు తప్పు పాడినా కనీసం ఒక్కసారి సరిగా పాడి తీరాలి. శ్రుతి సవరణలో ఆ ఒక్కసారి కూడా అవసరం లేదు.

విదేశీయులకు ఇది ప్రధానంగా నిజాయితీకి సంబంధించిన చర్చ. తెలుగువారికి అంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉన్నది. అది స్వరం అనే భావనకే సంబంధించినది.

పియానో, కీబోర్డు వాద్యాలలో ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా విభజించారు. ఒక్కొక్క భాగాన్ని నూరు సెంట్లుగా లెక్కిస్తారు. సవరణ యంత్రం మామూలుగా పనిచేసేది ఈ కొలతతోనే. ఆ లెక్కన షడ్జం నుండి అంతరగాంధారం 400 సెంట్ల దూరంలో ఉండాలి. కాని తంబురాను శ్రద్ధగా శ్రుతి చేసి మీటితే, షడ్జం తీగలో నుండి ఎవరూ మీటని గాంధారం ఒకటి దానంతటదే సన్నగా వినిపిస్తుంది. దానిని స్వయంభూ గాంధారమంటారు. దాని స్థానం 386 సెంట్లు. చెవి సాధన ఉన్న గాయకుడు తంబురా ముందు కూర్చొని పాడేటప్పుడు ఆ స్థానంలోనే నిలుస్తాడు. అక్కడ నిలిచినప్పుడు గొంతూ తీగా ఒకటైపోయి ఇల్లంతా మ్రోగినట్లుంటుంది. సమాన విభాగాల కొలతతో చూసే యంత్రం దృష్టిలో మాత్రం ఆ గాయకుడు పద్నాలుగు సెంట్లు తక్కువ పాడాడు. అది అతనిని పైకి జరుపుతుంది. అనగా సరిగా పాడినవానిని దిద్ది తప్పు చేస్తుంది.

గమకం సంగతి ఇంకా విపరీతం. కర్ణాటక సంగీతంలో స్వరం ఒక చుక్క కాదు, ఒక చలనం. తోడి రాగంలోని గాంధారాన్ని ఏ గురువూ నిలకడగా పాడమని చెప్పడు. అది మధ్యమం వైపు ఎగసి మళ్లీ క్రిందికి ఒరుగుతూ ఊగుతుంది. ఆ ఊపులోనే తోడి ఉన్నది. ఊపును తీసివేసి అవే స్వరాలను వరుసగా పలికిస్తే రాగలక్షణం తెలిసినవారు దానిని తోడి అనరు. యంత్రానికి వేగంగా సవరించమని ఆజ్ఞాపిస్తే అది ఈ ఊపును శ్రుతిభంగంగా లెక్కిస్తుంది. కంపితాన్ని ముక్కలు చేసి మెట్లుగా పేరుస్తుంది. జారుగా దిగవలసిన చోట దూకిస్తుంది. శాస్త్రీయ సంగీతం సంగతి అలా ఉండగా, జానపదులకు గమకం అనే మాట తెలియకపోయినా వారి పాటలో ఆ వస్తువు ఉన్నది. ఒగ్గు కథకుడు కథ నడిపేటప్పుడు మాటకూ పాటకూ మధ్యనుండే గొంతు, నాట్లు వేసే స్త్రీలు పంక్తి చివర ఎత్తి విడిచే స్వరం ఏ మెట్టు మీదా కూర్చోవు. రెండు మెట్ల నడుమ ఉండటమే వాటి అందం.

యంత్రానికి అన్యాయం జరగకుండా ఒక మాట చెప్పుకోవాలి. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పీటర్ నాయ్‌బేకర్ రూపొందించగా 2001లో మెలోడైన్ అనే మరొక పరికరం వచ్చింది. అందులో ప్రతి స్వరం తెరపైన ఒక చిన్న ముద్దలాగా కనబడుతుంది. చెడిన స్వరాన్ని ఒక్కదానినే పట్టుకొని సరిచేసి, దాని ప్రక్కనున్న గమకాన్ని ముట్టకుండా విడిచిపెట్టవచ్చు. సంగీతం తెలిసిన ఇంజనీరు చేతిలో అది శస్త్రచికిత్స వంటిది. జలుబు చేసిన రోజున గొప్పగా భావం పలికించిన గాయని, ఒక్క అక్షరం దగ్గర శ్రుతి తగ్గినందుకు ఆ భావాన్నంతా వదులుకొని మళ్లీ పాడనవసరం లేదు. ఇటువంటి సవరణను తప్పుపట్టడం మంకుపట్టే అవుతుంది. కాని అలా దిద్దడానికి గంటలు పడుతుంది, తెలిసిన చెవి కావాలి. పండుగకు రెండు రోజుల ముందు విడుదల కావలసిన పాటకు ఆ తీరిక ఎక్కడిది? పాట మొత్తానికి ఒకే ఆజ్ఞ ఇచ్చి, మొదటి నుండి చివరిదాకా ఒకే వేగంతో లాగివేస్తారు. కాబట్టి నేరం యంత్రానిది అనడంకంటె తొందరది అనడం సబబు.

మరొక వింత కూడా ఉన్నది. ఈ యంత్రం స్వరాన్ని దిద్దుతుంది కాని ఉచ్చారణను దిద్దదు. ళకారం లకారమైనా, శకారం సకారమైనా, ఒత్తులు ఊడిపోయినా దానికి పట్టదు. దానివల్ల శ్రుతి విషయంలో వెంట్రుకవాసి తేడాను కూడా సహించని పాటలు, తెలుగు విషయంలో తాటికాయంత తప్పును సంతోషంగా మోసుకొనివస్తున్నాయి.

సికింద్రాబాదులో శ్రీ భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నది. గోల్కొండ చెరసాలలో ఉండి కీర్తనలు పాడిన కంచెర్ల గోపన్న పేరు పెట్టుకున్న కళాశాల అది. అటువంటి కళాశాలలో చేరే విద్యార్థి మొదట నేర్చేది కీర్తన కాదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు. ఒకే వరుసను మూడు కాలాలలో పాడాలి. విసుగు పుడుతుంది. మధ్యలో మానేసేవారూ ఉంటారు. ఈ దశలో పిల్లలకు తోడుగా ఉండేది తంబురా, లేదా బెంగుళూరులో జి. రాజ్‌నారాయణ్ వంటివారి కృషితో వాడుకలోకి వచ్చిన ఎలక్ట్రానిక్ తంబురా. గమనింపదగినది ఏమిటంటే ఇదీ యంత్రమే. అయితే ఇది శ్రుతిని ఇస్తుంది, సవరించదు. పిల్లవాడు తప్పు పాడితే యంత్రం స్వరానికీ వాని స్వరానికీ మధ్య గరగరమనే ఒరిపిడి వినబడుతుంది. ఆ ఒరిపిడే వాని గురువు. కొన్ని నెలలకు చెవి దానిని పసిగట్టడం నేరుస్తుంది, మరికొన్ని నెలలకు గొంతు చెవి మాట వింటుంది. సవరణ యంత్రం ఆ ఒరిపిడినే మాయం చేస్తుంది. చిన్ననాటి నుండి సవరించిన పాటలనే విని పెరిగిన పిల్లలకు ఒరిపిడి అంటే ఏమిటో తెలియకుండా పోతుంది. అంతకన్న విచారకరమైన విషయం మరొకటి. తమ గొంతును సెల్‌ఫోనులో రికార్డు చేసుకొని విని, సినిమా పాటతో పోల్చి చూసుకొని, తమ గొంతు బాగులేదని వారు నిర్ణయించుకొంటారు. వారు పోల్చుకొన్నది ఏ మనిషి గొంతుతోనూ కాదు. ఈ సంగతి వారికి చెప్పేవారు లేరు.

ఈ సందర్భంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం జీవితం తలచుకోదగినది. ఆయన గురుముఖంగా శాస్త్రీయ సంగీతం అభ్యసించినవారు కారు. శంకరాభరణం చిత్రంలో విద్వాంసుని పాత్రకు పాడవలసివచ్చినప్పుడు ఆయన సందేహించారు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్, ఆయన సహాయకుడు పుహళేంది ఆ పాటలను ఆయనచేత సాధన చేయించారు. 1979 సంవత్సరానికి గాను ఉత్తమ నేపథ్య గాయకునిగా ఆయనకు జాతీయ పురస్కారం ఆ చిత్రానికే లభించింది. రాని విద్యను సాధనతో రప్పించుకోవడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ తెలుగువారికి లేదు. అప్పుడు ఆటోట్యూన్ ఉండి ఉంటే ఆ సాధన జరిగి ఉండేదా? జరిగేదనే ఆయన అభిమానులు అంటారు. కాని నిర్మాత అంత వ్యవధి ఇచ్చేవాడా అన్నది వేరే ప్రశ్న.

ఆయనే 1996 నుండి ఈటీవీలో పాడుతా తీయగా కార్యక్రమం నడిపారు. పిల్లలు పాడిన తరువాత ఎక్కడ శ్రుతి తగ్గినదో, ఏ అక్షరం నలిగినదో నొప్పించకుండా చెప్పడం, ఆ పాట పుట్టిన వైనం వివరించడం ఆ కార్యక్రమానికి ఆకర్షణ. లక్షలాది ఇళ్లలో సంగీతం తెలియని పెద్దలు కూడా శ్రుతి తగ్గడమంటే ఏమిటో ఆ మాటల వల్లనే తెలుసుకున్నారంటే అతిశయోక్తి కాదు. పాటల పోటీలో సవరణ యంత్రం ప్రవేశిస్తే ఆ పాఠం అబద్ధమైపోతుంది. 2010లో బ్రిటన్ దేశపు ఎక్స్ ఫ్యాక్టర్ అనే పోటీ కార్యక్రమంలో పోటీదారుల గొంతులను ప్రసారానికి ముందు సవరించినట్లు బయటపడగా ప్రేక్షకులు ఆగ్రహించారు. ఆ తరువాత నిర్వాహకులు సవరణను మానుకున్నారు. ఇది వారి ఔదార్యం కాదు. పోటీ అన్నమాటకు అర్థం లేకుండా పోతుందని గ్రహించారు, అంతే. తెలుగు పోటీల నిర్వాహకులు కూడా ప్రసారంలో గొంతును సవరించామో లేదో తెరమీద ఒక్క వాక్యంలో ప్రకటిస్తే అడిగేవారికి సమాధానం దొరుకుతుంది. ఖర్చులేని పని.

సభలలో పాడే గాయకులకు వచ్చిన చిక్కు మరొక రకమైనది. సికింద్రాబాదులోని హరిహర కళాభవన్ వంటి మందిరాలలో సినీ సంగీత విభావరులు ఏళ్ల తరబడి జరిగాయి. ఒకప్పుడు వేదికపై వాద్యబృందం ఉండేది. గాయకుడు కొంచెం తడబడితే తబలా వాయించేవారు ఆగి అందుకొనేవారు, కీబోర్డు వాయించేవారు స్వరం అందించి నిలబెట్టేవారు. క్రమంగా వాద్యకారుల స్థానంలో ముందుగా రికార్డు చేసిన కరోకే ట్రాకు వచ్చింది. అది ఎవరికోసమూ ఆగదు. సభకు వచ్చినవారు ఇంటిదగ్గర వేలసార్లు విన్న సవరించిన పాటను మనసులో పెట్టుకొని కూర్చుంటారు. వేదికపైన ఉన్నవాడు నిజంగా ఊపిరి పీల్చి పాడతాడు. పోలికలో ఓడిపోయేది ఊపిరి పీల్చేవాడే. దీనికి భయపడి కొందరు గాయకులు వేదికపైన కూడా అప్పటికప్పుడు స్వరాన్ని దిద్దే పరికరాలను తెచ్చుకొంటున్నారు. వారిని నిందించి లాభం లేదు.

గొంతును దిద్దగల విద్య ఎక్కడిదాకా పోగలదో ఇటీవలి సంఘటనలు చూపినవి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. 2023 నవంబరులో విడుదలైన కీడా కోలా అనే తెలుగు చిత్రంలో ఆయన గొంతును కృత్రిమ మేధతో తిరిగి సృష్టించి అనుమతి లేకుండా వాడారని ఆక్షేపిస్తూ ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ 2024 జనవరిలో చిత్ర నిర్మాతలకూ, సంగీత దర్శకునికీ న్యాయవాది ద్వారా నోటీసు పంపారు. సరిగా ఆ రోజులలోనే లాల్ సలామ్ అనే తమిళ చిత్రంలో ఎ.ఆర్. రెహమాన్ కీర్తిశేషులైన బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను అదే విధంగా వినిపించారు. అయితే ఆ కుటుంబాల అనుమతి తీసుకొని, తగిన పారితోషికం ఇచ్చి ఆ పని చేశామని ఆయన ప్రకటించారు. పద్ధతి ఒకటే, నడవడి వేరు. జీవితాంతం సాధనతో సంపాదించిన గొంతు ఒక ఆస్తి అయితే, దానిని వాడుకొనే ముందు వారసులను అడగడం కనీస మర్యాద. అడగడమొక్కటే చాలునా అన్నది కూడా ఆలోచించవలసినదే. తన గొంతుతో తాను ఎన్నడూ పాడని పాటను వినిపించడానికి ఆ గాయకుడు బ్రతికి ఉంటే ఒప్పుకొనేవాడా అన్నది వారసులు కూడా నిశ్చయంగా చెప్పలేరు.

చట్టం ఈ విషయంలో ఇంకా తొలి అడుగులలోనే ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో, 2012లో జరిగిన సవరణలు కళాకారుని ప్రదర్శనపై హక్కులను గుర్తించాయి. ప్రదర్శనను వికృతం చేస్తే ఆక్షేపించే హక్కు కూడా అందులో ఉన్నది. కాని ఆ హక్కు పాడిన పాటకు సంబంధించినది, పాడే గొంతుకు కాదు. 2024 జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ వేసిన దావాలో బొంబాయి హైకోర్టు ఆయన గొంతును అనుకరించే కృత్రిమ మేధ సాధనాలకు వ్యతిరేకంగా మధ్యంతర రక్షణ కల్పించింది. పేరు పొందిన గాయకునికి న్యాయస్థానం ఉన్నది, న్యాయవాది ఉన్నాడు, తండ్రి గొంతును గుర్తుపట్టి నిలదీయగల కుమారుడున్నాడు. లష్కర్‌లోని ఒక చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకొని అమ్మవారి పాట పాడి, ఇచ్చినది పుచ్చుకొని ఇంటికి వెళ్లిన స్త్రీకి అవేవీ లేవు. నలుగురిలో పాడి పెంచుకొన్న ఆమె గొంతులోని బొంగురును ఒక మీట నొక్కి తీసివేస్తారు. ఆషాఢంలో ఆమె ఆలయం ముందు వరుసలో బోనంతో నిలబడి ఉండగా ప్రక్కనున్న డీజే బండిలో ఆ పాటే మ్రోగవచ్చు. అది ఆమె పాడినదని ప్రక్కవారు పోల్చుకోలేరు.